మోర్లే నుంచి సాన్‌మాలో దాకా: గాలిని వెనకేసుకుని ఆరు రోజులు

బ్రిటనీకి సైకిలు తీసుకెళ్ళేవాళ్ళు మ్యాపులో ముందు ఊళ్ళు వెతుక్కుంటారు. ముందు తేల్చుకోవాల్సింది గాలి సంగతి. ఫ్రాన్సుకి వాయవ్య మూల, అట్లాంటిక్‌లోకి పొడుచుకెళ్ళిన ముక్కులాంటి నేల ఇది. ఏడాదిలో ఎక్కువ రోజులు గాలి పడమర నుంచో నైరుతి నుంచో వస్తుంది. పారిస్‌లో రైలెక్కినవాళ్ళు దగ్గర కదా అని తూర్పున సాన్‌మాలోలో దిగి పడమరకి తొక్కడం మొదలుపెడతారు. ఇక ఆరు రోజులూ గాలి మొహానికే. అదే ఇంకాస్త ఓపిక పట్టి, పారిస్ మోన్‌పార్నాస్ స్టేషన్ నుంచి మూడు గంటల చిల్లర ప్రయాణం చేసి మోర్లేలో దిగితే, తూర్పుకి తిరిగి తొక్కుకుంటూ రావచ్చు. గాలి ప్రతిరోజూ మాట వింటుందని కాదు. ఆరింటిలో నాలుగు రోజులు వీపు తట్టినా లాభమే.

రెండోది, దూరాల లెక్క. ఇక్కడ పెద్ద కొండలు లేవు. మొత్తం బ్రిటనీలో ఎత్తైన చోటు 385 మీటర్లు. అయినా వంద కిలోమీటర్లు తొక్కితే మొత్తం ఎక్కుడు వెయ్యి మీటర్లు దాటుతుంది. ఉత్తర తీరంలో వాగులన్నీ సముద్రం వైపు, అంటే ఉత్తరానికి పారతాయి. మనం పోయేది తూర్పుకి. ప్రతి వాగునీ అడ్డంగా దాటాలి: దిగడం, వంతెన, మళ్ళీ ఎక్కడం. ఒక్కో ఎక్కుడు కిలోమీటరు కూడా ఉండదు, అలాంటివి రోజుకి ఇరవై వస్తాయి. మేడ్చల్ దాటాక హైవే మీద వంద కిలోమీటర్లు సునాయాసంగా లాగేసేవాళ్ళు కూడా ఇక్కడ రోజుకి డెబ్భై, ఎనభై అనుకోవడం మంచిది.

ఈ దారిలో కొంత భాగం మన రాండనూర్లకి, అంటే గడువులోపు పొడుగు దూరాలు తొక్కేవాళ్ళకి, తెలిసిందే. నాలుగేళ్ళకోసారి జరిగే ప్యారిస్-బ్రెస్ట్-ప్యారిస్, 90 గంటల్లో 1200 కిలోమీటర్ల పై చిలుకు, ఈ ఊళ్ళ మీదుగానే పోతుంది. 1891లో పందెంగా మొదలైంది. 2023 ఆగస్టులో జరిగింది, మళ్ళీ 2027లో. హైదరాబాదు నుంచి కూడా 200, 300, 400, 600 కిలోమీటర్ల బ్రెవేలు (అర్హత రైడులు) పూర్తిచేసి వెళ్ళొచ్చినవాళ్ళున్నారు. వాళ్ళు నిద్రమత్తులో, చీకట్లో దాటేసిన లూదెయాక్, సాన్‌మే, బెష్రెల్ లాంటి ఊళ్ళని ఈ దారిలో పగటిపూట, తీరిగ్గా చూడొచ్చు.

సైకిలు విషయం. ఇక్కడి పల్లె రోడ్ల మీద తారు పోసి పైన కంకర చల్లి దొర్లిస్తారు. గుంతలుండవు, కానీ ఆకురాయిలా గరుకు. 25 మిల్లీమీటర్ల టైరు మీద రోజంతా అరచేతులు జుమ్మంటూనే ఉంటాయి. కనీసం 28, ఫ్రేములో పడితే 32 వేసుకోండి. 75 కిలోల మనిషి, ఆరేడు కిలోల సామాను అనుకుంటే 28కి 70–75 పీఎస్‌ఐ, 32కి 55–60 సరిపోతుంది. గేరు పళ్ళు ముందు 50/34, వెనక 11–34 ఉండాలి. ఎందుకో నాలుగో రోజు తెలుస్తుంది. విడి భాగాల్లో రెండు ట్యూబులు, చైను కలిపే క్విక్ లింకు, ఒక జత బ్రేకు ప్యాడ్లు, వానకి నిలిచే చైను నూనె (లూబు) చిన్న సీసా. అన్నిటికన్నా ముఖ్యం మీ ఫ్రేముకే సరిపోయే డెరెయిలర్ హ్యాంగరు, అంటే వెనక గేర్లు మార్చే డెరెయిలరుని ఫ్రేముకి పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క. విమానంలోనో రైల్లోనో దెబ్బ తగిలి ముందు వంగేది అదే. ఒక్కో ఫ్రేముకి ఒక్కో రకం కాబట్టి పల్లెటూరి సైకిల్ షాపులో దొరుకుతుందన్న నమ్మకం పెట్టుకోకూడదు.

హైస్పీడ్ రైల్లో సైకిలుని విప్పి 130 × 90 సెంటీమీటర్ల లోపు సంచిలో పెడితే మామూలు సామానుగా ఒప్పుకుంటారు. ఆ కొలతకి రావాలంటే చక్రాలు రెండూ ఊడదీయాలి, హ్యాండిలు తిప్పాలి, డెరెయిలరుని విప్పి వెనక ఫోర్కు లోపలికి కట్టేయాలి. విప్పకుండా చక్రం మాత్రమే తీసి నేల మీద ఆనిస్తే బరువంతా హ్యాంగరు మీదే పడుతుంది.

నెల అడిగితే జూన్. రాత్రి పది దాటినా వెలుతురుంటుంది. వేడి ఇరవై డిగ్రీల చుట్టూ తిరుగుతుంది, పొద్దున పన్నెండు. మనవాళ్ళకి అది చలే. చేతి తొడుగులూ, పలుచటి వాన కోటూ సంచి అడుగున కాకుండా పైన పెట్టుకోవాలి. ఇక్కడి వానని క్రాషాన్ అంటారు: కురిసినట్టుండదు, గాల్లో వేలాడుతుంది, గంటలో ఒళ్ళంతా తడిపేస్తుంది.

మొదటి రోజు: మోర్లే – రోస్కాఫ్, 35 కి.మీ.

సైకిలు బిగించుకునే రోజు, అందుకే దూరం తక్కువ. మోర్లే స్టేషన్ గట్టు మీద ఉంటుంది, ఊరు లోయలో. ఊరి ఇళ్ళ నెత్తి మీదుగా 58 మీటర్ల ఎత్తున రైలు వంతెన పోతుంది, 1860లలో కట్టింది. స్టేషన్ బయట గోడ పక్కన బిగించుకునేటప్పుడు రెండు తప్పులు మామూలుగా జరుగుతాయి. ఎడమ పెడల్ మర ఉల్టా అని మరిచిపోయి బలవంతాన తిప్పి క్రాంకు మర చెడగొట్టుకోవడం ఒకటి. చక్రం పెట్టాక డిస్కు బ్రేకు రాసుకుంటుంటే ఏమీ కాదులే అని బయల్దేరడం రెండోది. బ్రేకు ప్యాడ్లని పట్టుకునే కాలిపరు బోల్టులు రెండూ సగం వదులు చేసి, బ్రేకు నొక్కి పట్టి మళ్ళీ బిగిస్తే సర్దుకుంటుంది. రెండు నిమిషాల పని. చేయకపోతే రోజంతా ఎవరో వెనక్కి లాగుతున్నట్టుంటుంది.

ఇంకో ప్రమాదం అలవాటుది. రోడ్డుకి కుడివైపున పోవాలి. ట్రాఫిక్‌లో ఎవరూ మరిచిపోరు, ముందు కార్లుంటాయి కదా. బేకరీ ముందు ఆగి, రొట్టె సంచిలో పెట్టుకుని, ఖాళీ రోడ్డు మీద మళ్ళీ ఎక్కేటప్పుడు ఒళ్ళు దానంతటదే ఎడమకి పోతుంది. హ్యాండిలు కుడి చివర ఎర్ర టేపు ముక్క చుట్టుకుంటే మొదటి రెండు రోజులూ అదే గుర్తుచేస్తుంది.

మోర్లే నుంచి రోస్కాఫ్‌కి సూటి దారి డి-58. ఓడరేవుకి పోయే లారీలన్నీ దాని మీదే, అటు పోవద్దు. డి-73 పట్టుకుంటే నది ఎడమ గట్టు వెంబడి, నీటికి రెండు మూడు మీటర్ల ఎత్తున లొకెనొలె మీదుగా కారాంతెక్ చేరుతుంది. ఆటుపోట్ల వేళ తెలుసుకుని వెళ్ళండి. పోటు మీదుంటే అఖాతం, పాటు మీదుంటే బురద మైదానంలో పక్కకి ఒరిగిన పడవలు. రెండూ చూడదగ్గవే, మాకు పాటే ఇష్టం.

కారాంతెక్ దాటి పెంజే నది మీదుగా సాన్-పోల్-ద-లియోన్ చేరగానే వాసన మారుతుంది: గోబీ, ఆర్టిచోక్ తోటలు. ట్రాక్టరు పొలంలోంచి రోడ్డెక్కిన ప్రతి మలుపులో మట్టి పడి ఉంటుంది. పొడిగా ఉంటే పరవాలేదు. తడిస్తే సబ్బు ముక్క మీద కాలేసినట్టే. ఆ మలుపుల్లో వంగి తిరగొద్దు. సైకిలు నిలువుగా ఉంచి, ముందు బ్రేకు వదిలి పోవాలి. ఊళ్ళో క్రెయిస్కేర్ చర్చి గోపురం 78 మీటర్లు. చుట్టూ బల్లపరుపు నేల కాబట్టి దారి తప్పినా అదే దిక్సూచి.

రోస్కాఫ్ ఉల్లిపాయల ఊరు. గులాబీ రంగు, కొంచెం తియ్యన, చాలా రోజులు నిలవుంటుంది. 2009లో ఫ్రాన్సు, 2013లో యూరప్ ఆ పేరుకి భౌగోళిక గుర్తింపునిచ్చాయి. 1828లో ఆన్రీ ఒలీవియే అనే రైతు పడవలో ఉల్లి నింపుకుని ఇంగ్లండులోని ప్లిమత్ పోయి అమ్ముకొచ్చాడు. ఆ తర్వాత ఊరూరా జనం అదే బాట పట్టారు. ఇంగ్లండువాళ్ళు వీళ్ళకి పెట్టిన పేరు జానీలు. ఉల్లిని గడ్డి తాడుకి జడల్లా అల్లి, ఆ జడల్ని హ్యాండిలు కనపడనంతగా సైకిలుకి వేలాడదీసుకుని ఇంటింటికీ నడిపించుకుంటూ పోయేవాళ్ళు. మన కూరగాయల సైకిళ్ళు చూసిన కంటికి వింతేమీ కాదు, పడవెక్కి పోవడమే విశేషం.

2018లో తుఫానుకి కట్ట కొట్టుకుపోయి మోర్లే–రోస్కాఫ్ రైలు ఆగింది, బస్సులు పెట్టారు. అలిసిపోతే రైల్లో వెనక్కి పోదాం అనే లెక్క ఇక్కడ పనికిరాదు.

రెండో రోజు: రోస్కాఫ్ – యుయెల్‌గ్వాట్, 75 కి.మీ.

ఈ ఆరింటిలో ఒక్క రోజే తొక్కే వీలుంటే ఇదే తొక్కాలి. సముద్ర మట్టం నుంచి బ్రిటనీ నడినెత్తి దాకా పోతుంది.

దక్షిణానికి ప్లూయెనాన్, గిక్లాన్ మీదుగా పల్లె దారులు. ఇక్కడి నుంచి బోర్డుల మీద రెండు భాషలు, పైన ఫ్రెంచి, కింద బ్రెటన్. బ్రెటన్ పేర్లు కొన్ని తెలిస్తే రోడ్డు ముందే చదవొచ్చు. పేరులో త్రావోన్ అనుంటే లోయ అడుగు, దాని తర్వాత ఎక్కాల్సిందే. క్రెఖ్, క్రేయాఖ్ అంటే మిట్ట. రోఖ్ అంటే బండ, మెనెజ్ అంటే కొండ, కోట్ అంటే అడవి. మన దగ్గర పేరులో గుట్ట ఉంటే గేరు తగ్గించినట్టే.

ఊళ్ళోకి రాగానే గుర్తుంచుకోవాల్సిన నియమం: కుడి పక్క సందులోంచి వచ్చే బండికే హక్కు. అది ఎంత చిన్న సందైనా, మీరున్నది ఎంత పెద్ద రోడ్డైనా అంతే, బోర్డు వేరేగా చెబితే తప్ప. పసుపు వజ్రం బోర్డు కనిపిస్తే హక్కు మీది. దాని మీద నల్ల గీత అడ్డంగా ఉంటే అయిపోయింది. అక్కడివాళ్ళు కుడి సందులోంచి అటూ ఇటూ చూడకుండా వచ్చేస్తారు, తప్పు వాళ్ళది కాదు.

30 కిలోమీటర్లు దాటాక సాన్-తెగొనెక్, ఆ వెంటనే గిమిలియో. పదహారు, పదిహేడు శతాబ్దాల్లో అవిసె నార బట్ట నేసి, ఓడల్లో అమ్మి డబ్బు చేసుకున్న ఊళ్ళు. ఆ డబ్బంతా చర్చి ప్రాకారాల్లో పోశారు. ఒక ఊరికి మించి ఒక ఊరు కట్టిన పోటీ అది. గిమిలియోలో చర్చి ముందు రాతి వేదిక 1581–88 మధ్యది. దాని మీద రెండు వందల పైచిలుకు మనుషులు చెక్కి ఉన్నారు. ఏసు కథే, కానీ పక్కన డోలు, బూర వాయించేవాళ్ళు పదహారో శతాబ్దం బట్టల్లో ఉంటారు. మన గుళ్ళ మండపాల్లో రాముడి పక్కన ఆ కాలపు సిపాయి కనపడినట్టు.

నీళ్ళు కూడా ఇక్కడే. ఫ్రాన్సు పల్లెల్లో సైకిలువాళ్ళ కుళాయి శ్మశానంలో ఉంటుంది. సమాధుల మీది పూలమొక్కలకి నీళ్ళు పోయడానికి గేటు దగ్గర పెడతారు. ‘నోన్ పొతాబ్ల్’ అని రాసుంటే తాగకూడదు. మనవాళ్ళకి మొదట కాస్త మనసొప్పదు, రెండో రోజు మధ్యాహ్నానికి ఒప్పుతుంది. దుకాణం ఎప్పుడు మూస్తారో చెప్పలేం, శ్మశానం మాత్రం పగలంతా తెరిచే ఉంటుంది.

గిమిలియో నుంచి కొమ్మానా దాకా అలల్లాంటి ఎక్కుడు దిగుళ్ళు. కొమ్మానా దాటి డి-764 ఎక్కితే రోఖ్ ట్రెవెజెల్ వైపు అసలు ఎక్కుడు. భయపడాల్సిందేమీ లేదు, మూడు నుంచి ఐదు శాతం, ఆరేడు కిలోమీటర్లు. చెట్లు పోతాయి, పొలాలు పోతాయి, మిగిలేది హీథరు పొదలూ, ముళ్ళకంపా, పైన పలకరాయి పళ్ళు. 384 మీటర్లే అయినా సముద్రం నుంచి వచ్చే గాలికి అడ్డుగా నిలిచేది ఈ గట్టే. కింద ఎండ కాస్తుంటే పైన పొగమంచులో పది మీటర్లు కనపడకపోవచ్చు. వెనక ఎర్ర లైటు పగలే వెలిగించుకోండి. ఊరి బయట వెలుతురు తక్కువుంటే మెరుపు కోటు వేసుకోవడం ఇక్కడ చట్టం కూడా.

పైన ఆగి దక్షిణానికి చూస్తే గిన్నెలాంటి చిత్తడి నేల, మధ్యలో సరస్సు, సరస్సు ఒడ్డున మూతపడ్డ బ్రెనిలిస్ అణు విద్యుత్ కేంద్రం. పాత బ్రెటన్ కథల్లో నరకానికి ద్వారం ఈ చిత్తడిలోనే ఉందట. 2022 జులైలో ఈ కొండలు తగలబడ్డాయి, సాన్-మిషెల్ గుట్ట మీది చిన్న చర్చి చుట్టూ అంతా కాలినా అది నిలిచింది.

గట్టు మీద డి-785లో కాసేపు పోయి మళ్ళీ డి-764 దిగాలి. డి-785 మీద కార్లు వేగంగా వస్తాయి, పక్క గాలి కూడా తోడవుతుంది. అక్కడ హ్యాండిలు కింది వంపులు (డ్రాప్స్) పట్టుకుని, రోడ్డు అంచుకి అరమీటరు లోపలే పోవాలి. లా ఫెయ్యే మీదుగా యుయెల్‌గ్వాట్ దాకా దాదాపు దిగుడే. ఊరి చివర అడవిలో ఇళ్ళంత గ్రానైట్ బండలు వాగు మీద దొర్లి పడున్నాయి. అందులో ఒకటి వంద టన్నుల పైనే, సరైన చోట వీపు ఆనించి నెడితే ఊగుతుంది. బలం కాదు, చోటు తెలియాలి. సైకిలు బూట్లతో ఆ రాళ్ళ మీద నడవొద్దు, అడుగున పెడలుకి తగిలించే క్లీటు జారుతుంది.

మూడో రోజు: యుయెల్‌గ్వాట్ – బోన్‌రెపో, 70 కి.మీ.

కరే దాకా 20 కిలోమీటర్లు ఊరికే అయిపోతాయి. బోర్డు మీద పొడుగ్గా రాసుంటుంది, చివరి అక్షరాలు మింగేసి కరే అంటారు. జులై మధ్యలో ఇక్కడ పెద్ద సంగీత ఉత్సవం, ఆ నాలుగు రోజులూ ముప్పై కిలోమీటర్ల చుట్టూ గది దొరకదు.

తిండి లెక్క ఈ ఊళ్ళో చూసుకోవాలి, ఎందుకంటే దీని తర్వాత తూర్పున ఊళ్ళు చిన్నవి. హోటల్ వంటిల్లు మధ్యాహ్నం పన్నెండుకి తెరిచి ఒంటిగంటన్నరకి, మహా అయితే రెండుకి మూసేస్తారు. రెండుంపావుకి వెళ్ళి బతిమాలినా కాఫీయే ఇస్తారు. బేకరీలు పొద్దున ఏడింటికి తీసి ఒంటిగంటకి మూసి, మళ్ళీ నాలుగింటి ప్రాంతంలో తీస్తారు. వారంలో ఒక రోజు పూర్తిగా సెలవు, ఎక్కువచోట్ల సోమవారం. ఆదివారం మధ్యాహ్నం నుంచి సోమవారం మధ్యాహ్నం దాకా ఊరు ఊరంతా మూసి ఉంటుందనుకునే బయల్దేరాలి. శనివారం సాయంత్రమే రెండు పూటలకి సరిపడా కొనుక్కోవడం ఒక్కటే మందు. కొన్ని ఊళ్ళలో రొట్టెల యంత్రం ఉంటుంది, నాణేలు వేస్తే బగెత్ అనే పొడుగు రొట్టె పడుతుంది. ఇలాంటి చోట చిల్లర కార్డు కన్నా గొప్పది.

కరేలో గాలెత్ తినండి, ఇక్కడి పలుచటి అట్టు. వేడి పెనం చూడగానే దోసె గుర్తొస్తుంది. బిలిగ్ అంటారు దాన్ని, మూరకి కాస్త తక్కువ వెడల్పు పోత ఇనుము. నల్ల గోధుమ పిండి, నీళ్ళు, కళ్ళుప్పు, అంతే పిండి. పేరుకే గోధుమ, అది గడ్డి జాతి గింజే కాదు. గరిటెడు పిండి పోసి, టీ ఆకారపు చెక్క పుల్లతో, దాని పేరు రోజెల్, మణికట్టు మాత్రమే కదుపుతూ ఒక చుట్టులో పెనమంతా పరిచేస్తారు. అంచు జాలీ లేచి గోధుమ రంగు రాగానే ఉప్పు వెన్న పూసి, చీజు, గుడ్డు వేసి నాలుగు వైపులా మడుస్తారు. మామూలుగా ‘కొంప్లెత్’ అంటే అందులో పంది మాంసం ఉంటుంది. వద్దంటే ‘సాన్ జాంబోన్’ అనాలి. పూర్తి శాకాహారులు ఇంకోటి కూడా అడగాలి: పెనానికి పాత పద్ధతిలో పంది కొవ్వు రాసేవాళ్ళున్నారు, వెన్న రాయమంటే రాస్తారు. ఒక గాలెత్ సైకిలు తొక్కేవాడికి పంటి కిందకి రాదు, రెండు చెప్పాలి.

కరే దాటాక నాంత్–బ్రెస్ట్ కాలువ తగులుతుంది. మొత్తం 364 కిలోమీటర్లు. బ్రెస్ట్ రేవుని ఇంగ్లండు నౌకలు సముద్రం వైపు దిగ్బంధిస్తుంటే, లోపలి దారిన సరుకు పంపుదామని నెపోలియన్ తవ్వించడం మొదలుపెట్టాడు. అది పూర్తయ్యేసరికి నెపోలియనూ లేడు, యుద్ధమూ లేదు. గ్లోమెల్ దగ్గర కాలువ మిట్టని దాటాలి. అక్కడ మూడు కిలోమీటర్ల పొడవు కందకాన్ని 1823 నుంచి 1832 దాకా ఖైదీల చేత చేత్తో తవ్వించారు. ఇప్పుడు దాని ఒడ్డున చెట్ల నీడలో తొక్కుతుంటే అది తవ్విన గొయ్యి అని కూడా అనిపించదు.

కాలువ గట్టు చదును, కార్లుండవు, కానీ తారు కాదు. దొర్లించిన ఇసుక. ఎండలో 28 టైరుకి బాగుంటుంది. వాన పడ్డ రోజు ఆ ఇసుక పేస్టులా లేచి చైనుకీ, ప్యాడ్లకీ పడుతుంది. బ్రేకు వేసినప్పుడు గరగరమంటే అది ప్యాడు అరుగుతున్న చప్పుడు. తడి గట్టు మీద ఒక్క రోజు తొక్కితే కొత్త ప్యాడ్లలో కనపడేంత అరుగుదల వస్తుంది. అలాంటప్పుడు గట్టు వదిలి రోస్ట్రెనెన్ మీదుగా రోడ్డే మేలు. ఒక్కటే జాగ్రత్త, ఎన్-164. మ్యాపులో సూటిగా ఊరిస్తుంది, చాలా మేర ఎక్స్‌ప్రెస్ రోడ్డు, సైకిళ్ళకి నిషేధం. దానికి అటూ ఇటూ ఉండే పాత రోడ్లు పట్టుకోవాలి.

రాత్రికి గ్వారెక్‌లో గానీ, ఐదు కిలోమీటర్లు ముందుకి బోన్‌రెపో మఠం దగ్గర గానీ. సైకిలువాళ్ళకి గదులిచ్చే ఇళ్ళ మీద ‘అక్యెయ్ వెలో’ బోర్డుంటుంది. అంటే తాళం వేసుకునే షెడ్డు, పొద్దున్నే టిఫిను, సైకిలు కడుక్కోవడానికి నీళ్ళ గొట్టం. ఈ రోజు తర్వాత ఆ గొట్టం విలువ తెలుస్తుంది.

నాలుగో రోజు: బోన్‌రెపో – సాన్‌మే-ల-గ్రాన్, 85 కి.మీ.

పొడుగైన రోజు. పొద్దున గెర్లెదాన్ సరస్సు. 1930లో ఆనకట్ట పూర్తయ్యాక కాలువలో ఒక ముక్క, పదిహేడు లాకులతో సహా, నీళ్ళ కింద మునిగింది. అందుకే గట్టు దారి ఇక్కడ తెగిపోతుంది. పాత రైలు కట్ట మీద వేసిన సైకిలు దారి కోరెల్ మీదుగా మ్యూర్ దాకా తీసుకెళ్తుంది, రైలు నడిచిన దారి కాబట్టి వాలు మెత్తగా ఉంటుంది.

మ్యూర్-ద-బ్రెతాన్ ఎక్కుడు టూర్ ద ఫ్రాన్స్ చూసేవాళ్ళందరికీ తెలుసు. 2011లో ఎవాన్స్, 2021లో వాన్ డెర్ పూల్, 2025లో పొగాచార్ గెలిచింది ఇక్కడే. రెండు కిలోమీటర్లు, సగటున 6.9 శాతం. ఆ సగటుని నమ్మొద్దు. మొదటి కిలోమీటరు దాదాపు పది శాతం, రెండోది అందులో సగం. పైగా రోడ్డు గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది. ఒక్క మలుపూ లేదు, ఎక్కాల్సిందంతా మొదటి నుంచీ కళ్ళ ముందే. మనసు విరిగేది వాలు వల్ల కన్నా ఈ చూపు వల్లే.

లెక్క వేసుకుందాం. మనిషి, సైకిలు, సామాను కలిపి 93 కిలోలు. ముందు 34, వెనక 34 పళ్ళతో నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకి 7.6 కిలోమీటర్లు. పది శాతం వాలులో దానికి 200 వాట్ల పైచిలుకు కావాలి. అదే వెనక 28 పళ్ళే ఉంటే, 60 చుట్లకి గంటకి 9.3 కిలోమీటర్లు, 250 వాట్లు. మామూలు రైడరు 200 ఎనిమిది నిమిషాలు లాగగలడు, 250 దగ్గర నాలుగో నిమిషంలో కాళ్ళు పెట్టేస్తాడు. మొదట్లోనే చెప్పిన గేరు దీనికే. కింద ఊళ్ళోనే ముందున్న చిన్న పళ్ళచక్రానికి మార్చుకోండి. వాలులో చైను బిగువు మీద ఉండగా ముందు గేరు మారిస్తే, చైను జారి ఫ్రేముకీ పళ్ళచక్రానికీ మధ్య ఇరుక్కుంటుంది. ఎక్కక తప్పదని ఏమీ లేదు, మన దారి కింద నుంచే పోతుంది. అంత దూరం వచ్చి వదిలేసినవాళ్ళు మాత్రం తక్కువ.

మ్యూర్ నుంచి లూదెయాక్ 20 కిలోమీటర్ల పైన. పెద్ద ఊరు, చూడ్డానికేమీ లేదు, సైకిల్ షాపూ సూపర్‌మార్కెట్లూ ఉన్నాయి, ప్యాడ్లు అరిగితే ఇక్కడే మార్చుకోవాలి. ఇక్కడి నుంచి లా షేజ్, ప్లూమియో, మెనెయాక్, ఇలిఫో మీదుగా ప్యారిస్-బ్రెస్ట్ దారి. గడ్డి మేతలు, పందుల ఫారాలు, మొక్కజొన్న. వాసన అందమైనదేమీ కాదు. వేసవిలో ఇక్కడ పసుపు బోర్డు మీద ‘గ్రావియోన్’ అని కనిపిస్తే కొత్తగా కంకర చల్లారని అర్థం. మొదటి రోజుల్లో కంకర వదులుగా ఉంటుంది, ముఖ్యంగా మలుపుల్లో, రోడ్డు మధ్య గుట్టగా. కారు చక్రాల జాడలోనే పోవాలి, ఎదురు కారు వస్తే కళ్ళద్దాలు తీయకూడదు.

ఐదో రోజు: సాన్‌మే – దినాన్, 75 కి.మీ.

సాన్‌మే-ల-గ్రాన్ సైకిల్ పందేల వీరుడు లూయిజోన్ బోబే పుట్టిన ఊరు, 1925లో. నాన్నది బేకరీ. 1953, 54, 55ల్లో వరుసగా మూడు టూర్ ద ఫ్రాన్స్‌లు గెలిచాడు, అలా గెలిచిన మొదటివాడు. ఊళ్ళో ఆయన మ్యూజియం ఉంది, చిన్నదే.

కెదియాక్, మెద్రెయాక్ దాటాక నేల మళ్ళీ లేస్తుంది. పైన బెష్రెల్. 1989 నుంచి పుస్తకాల ఊరు: గ్రానైట్ ఇళ్ళు, అడుగడుక్కీ పాత పుస్తకాల కొట్లు. సైకిలు సంచిలో పుస్తకం పెట్టుకునేవాళ్ళు బరువు చూసుకోండి, వెనక దిగుడైనా ముందు ఇంకా దినాన్ ఉంది. బెష్రెల్ నుంచి తాన్‌తెనియాక్‌కి బాగా దిగుతుంది, అక్కడ రెండో కాలువ, ఇల్-ఏ-రాన్స్: 85 కిలోమీటర్లు, 48 లాకులు.

తాన్‌తెనియాక్ నుంచి ఐదు కిలోమీటర్లు దక్షిణానికి పోయి ఎదే దగ్గర పదకొండు లాకులు చూసి రావాలి. రెండు కిలోమీటర్లలో పడవని 27 మీటర్లు మెట్లెక్కిస్తాయి. ఒక్కో లాకు దగ్గర చిన్న ఇల్లు, పూలతొట్లు. పడవ వస్తే ఆగి చూడండి. కింది తలుపులు మూసి, పై తలుపులోని చిన్న తూము తెరవగానే నీళ్ళు లోపల సుడి తిరుగుతూ లేస్తాయి. రెండు వైపులా మట్టం ఒకటయ్యేదాకా పెద్ద తలుపు ఎంత నెట్టినా కదలదు, అయిన మరుక్షణం మనిషి నడుముతో నెడితే తెరుచుకుంటుంది.

వెనక్కి వచ్చి గట్టు వెంబడి ఎవ్రాన్, లేయోన్ మీదుగా దినాన్. దాదాపు 28 కిలోమీటర్లు ఒక్క ఎక్కుడూ లేదు. ఐదో రోజు కాళ్ళకి దేవుడిచ్చినట్టుంటుంది. దినాన్ రేవు నది పక్కన, ఊరు 75 మీటర్ల పైన. రెండింటినీ కలిపే జెర్జ్యువాల్ వీధి అందంగా ఉంటుంది, ఫోటోల్లో అందరూ చూపించేది అదే. నున్నబడ్డ గుండ్రాళ్ళు, నిటారు వాలు. తడిస్తే నడిచినా జారుతుంది, క్లీట్లతో మరీను. సైకిలుతో పైకి పోయేవాళ్ళు కారు రోడ్డు పట్టుకుని వంకర్లు తిరుగుతూ పోవడమే మంచిది, జెర్జ్యువాల్‌కి సాయంత్రం చెప్పులేసుకుని రావచ్చు.

ఆరో రోజు: దినాన్ – సాన్‌మాలో, 40 కి.మీ.

దినాన్ రేవు దగ్గర పాత వంతెన దాటి రాన్స్ నది కుడి గట్టు పట్టుకుంటే మళ్ళీ నది దాటే పనే లేదు. ప్లెదియాన్, తర్వాత సాన్-సూల్యాక్. ప్లెదియాన్ దగ్గర ఆపిల్ తోటలు, వాటి రసం పులియబెట్టి చేసే సైడరు. సాన్-సూల్యాక్ బెస్తల పాత ఊరు, గోడలకి వలలు వేలాడుతుంటాయి. ఊళ్ళోకి దిగడం అంటే మళ్ళీ అంతా ఎక్కడం అని మరవొద్దు.

ఇక్కడి నదిలో నీటి మట్టం ప్రకృతి వేళల్లో కదలదు. కింద ఆనకట్ట ఉంది, సముద్రపు పోటుతో కరెంటు తీసేది. 1966లో మొదలైంది, 24 టర్బైన్లు, 240 మెగావాట్లు. ఈ తీరంలో పాటుకీ పోటుకీ తేడా పెద్ద పోట్లప్పుడు పదమూడు మీటర్ల దాకా వస్తుంది, నాలుగంతస్తుల మేడంత. ఆనకట్ట మీద రోడ్డుంది గానీ కార్లు కిక్కిరిసి ఉంటాయి. పడవల కోసం వంతెన లేపినప్పుడు అటూ ఇటూ ఆగిపోతాయి. చూడాలనుంటే సాన్-సెర్వాన్ వైపు నుంచి నడిచి వెళ్ళి చూసి రావడం నయం.

సాన్‌మాలో కోట లోపలి ఊరు 1944లో చాలావరకు కూలింది, తర్వాత రాయి రాయి పేర్చి కట్టారు. కోట గోడ ఎక్కితే ఉత్తరాన సముద్రంలో రాళ్ళ గుంపులు కనపడతాయి. 1905 నవంబరులో ఇంగ్లండు నుంచి వస్తున్న హిల్డా అనే ఓడ ఆ రాళ్ళకే కొట్టుకుని మునిగింది. చనిపోయిన వంద మందికి పైగా జనంలో సగానికి మించి జానీలే, ఉల్లి అమ్ముకుని ఇంటికి తిరిగొస్తున్న రోస్కాఫ్ వైపు మనుషులు.

పాటు వేళ ఇసుక మీద నడిచి గ్రాన్-బే దీవికి పోవచ్చు, పోటు మొదలైతే దారి మునిగిపోతుంది. కోట గుమ్మం దగ్గర ఆ రోజు వేళలు రాసి ఉంటాయి. సైకిలుని మాత్రం ఇసుకలోకి దింపొద్దు. ఉప్పునీటి తడి చైను లింకుల్లోకి దిగిందంటే మూడు రోజుల్లో తుప్పు, హబ్బు బేరింగుల్లోకి దిగితే అది ఇంటికెళ్ళాక గానీ తెలియదు. గాలికి ఎగిరిన ఇసుకా, ఉప్పూ ఎలాగూ పడతాయి. రైలెక్కే ముందు రెండు సీసాల మంచినీళ్ళు చైను మీదా, డెరెయిలరు మీదా ధారగా పోసి, గుడ్డతో తుడిచి, లింకు లింకుకీ ఒక చుక్క లూబు వేయాలి. పీడనంతో నీళ్ళు కొట్టే గొట్టం వద్దు, బేరింగుల్లో గ్రీజు కొట్టుకుపోతుంది.

రెన్ దాకా లోకల్ రైలు, గంట లోపే. సైకిలు విప్పకుండా ఎక్కించొచ్చు, కొక్కేలు మాత్రం కొన్నే, వేసవి శని ఆదివారాల్లో ముందే చోటు చూసుకోవాలి. రెన్‌లో హైస్పీడ్ రైలు మారేటప్పుడు మళ్ళీ సంచిలోకి. ప్లాట్‌ఫారం మీద హడావిడిగా విప్పడం కన్నా, సాన్‌మాలో స్టేషన్ బయటే తాపీగా విప్పి, డెరెయిలరు కట్టి, ఊడదీసిన బోల్టులన్నీ ఒక మేజోడులో వేసి ముడేసుకోండి.